మీకు తెలుసా? ‘సెలవు’ అంటే అనుమతి కూడా!

ఆదోని పత్తి మార్కెట్ యార్డుకు ‘సెలవు’ అంటే ఆ రోజు కొనుగోళ్లు ఉండవని రైతుకు అర్థం. నిఘంటువుల్లో ఈ మాటకు అనుమతి, ఆజ్ఞ, ఖర్చు అనే అర్థాలూ ఉన్నాయి.

• పెద్దలు ‘సెలవిచ్చారు’ అంటే చెప్పారని. ‘ఇక సెలవు’ అంటే వెళ్లొస్తామని.

• తమిళంలో ‘సెలవు’ అంటే నేటికీ ఖర్చే.

• ఆదోని, ఎమ్మిగనూరులకు పొరుగునే ఉన్న కర్ణాటకలో సెలవును ‘రజె’ అంటారు. దాని మూలం సమ్మతి అనే అర్థమున్న అరబ్బీ మాట.

• ఇంగ్లిష్ ‘లీవ్’కూ పాత అర్థం అనుమతే.

అర్థాలెన్ని ఉన్నా, సెలవంటే విశ్రాంతి కూడా. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు ఎమ్మిగనూరు. అక్కడ పొద్దంతా మగ్గం గుంటలో కాళ్లాడించే నేతన్నకూ విశ్రాంతి కావాలి. పనిచేసే మనిషికి అడగకముందే సెలవిద్దాం.