వంశావళి సభ: పూర్వసన్నాహము



వంశావళులు సేకరించు సంఘములవారు రాజమహేంద్రవరమున సభ తీర్పఁదలఁచుట తగియున్నది. ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1922లో ఇచ్చటనే వెలసినది. తూర్పుచాళుక్యుల తామ్రశాసనములు రాజుల పేళ్లతోఁబాటు వారేలిన యేండ్లను జెప్పుటచేతనే చరిత్రకు ఆధారములైనవి. మన పట్టికలలోనో, పెక్కింట కాలము లేదు. కోడండ్ర పుట్టినిండ్లు లేవు. కోనసీమ యాడుబిడ్డ వివరము ఆవలియొడ్డున పశ్చిమగోదావరి యింటఁ దెలియవచ్చును. రెండు పట్టికలను జతపఱచుటయే సభకుఁ బ్రయోజనము.

కావున నా మనవి: ఉపన్యాసములు తగ్గించి గ్రామమునకొక బల్ల వేయుఁడు. ప్రతిపేరు ప్రక్కను జెప్పినవారినో, దస్తావేజునో వ్రాయుఁడు. అసలు ప్రతి యింటనే యుంచి, నకలు గౌతమీ గ్రంథాలయమున కిండు. కోతలు ముగిసిన పిమ్మట దినము నిర్ణయింపుఁడు. అంతకుముందే యింటి ముదుసళ్ల నడిగి వ్రాసికొనుఁడు. వారి జ్ఞాపకము సభదినమువఱకు వేచియుండదు.