పెళ్ళికూతురికి టెక్కా? - ‘హై సొసైటీ’ కథ



“పిల్ల బంగారుబొమ్మే గానీ, కాస్త టెక్కు సుమండీ!” - పెళ్ళివారింట్లో ఈ మాట వినని వాళ్ళు మనలో ఎవరున్నారు చెప్పండి? ఈ ఒక్క మాట చుట్టూ అల్లిన అమెరికా సినిమా ఒకటుంది. పేరు ‘హై సొసైటీ’. 1956లో ఎం.జి.ఎం. వారు తీశారు. దర్శకుడు చార్లెస్ వాల్టర్స్, పాటలు కోల్ పోర్టర్‌వి.

న్యూపోర్ట్ అనే ఊళ్ళో సముద్రపుటొడ్డున కోటీశ్వరుల భవనాలు. ఆ ఇంటి అమ్మాయి ట్రేసీ భర్తకి విడాకులిచ్చి మారుమనువుకి సిద్ధపడుతుంది. మాజీ భర్తేమో పక్కింట్లోనే మకాం! తండ్రి గుట్టు బయటపెడతామని బెదిరించి, ఒక పత్రికవాళ్ళు పెళ్ళి వేడుక రాయడానికి ఇంట్లోకి వస్తారు. పాటలూ, నవ్వులూ, అపార్థాలూ అయ్యాక ట్రేసీ మొదటి భర్త చెయ్యే మళ్ళీ పట్టుకుంటుంది.

ట్రేసీగా గ్రేస్ కెల్లీ నటించింది. అప్పటికే మొనాకో రాజుతో నిశ్చితార్థమైంది. తెరమీద ఆవిడ వేలికి మెరిసే ఉంగరం అసలు నిశ్చితార్థపు ఉంగరమే! ఏప్రిల్‌లో పెళ్ళయింది, జూలైలో సినిమా వచ్చింది. ఆవిడ కథాచిత్రాల్లో అదే చివరిది. బింగ్ క్రాస్బీ, ఫ్రాంక్ సినాట్రా, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఉంటే జనం విరగబడకేం చేస్తారు? డబ్బు బాగా వచ్చింది. విమర్శకులు మాత్రం పెదవి విరిచారు. ఇదే కథతో 1940లో కేథరిన్ హెప్‌బర్న్ నటించిన ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’లో ఉన్న చురుకు ఇందులో లేదన్నారు.

ఆస్కార్ సంగతి మరీ తమాషా. ఇదే పేరున్న వేరే సినిమా రచయితలకు పొరపాటున నామినేషన్ వెళ్ళింది. వాళ్ళు నిజాయితీగా వద్దనేశారు! ‘ట్రూ లవ్’ పాట పోటీలో నిలిచినా, బహుమతి ‘కే సెరా సెరా’కి దక్కింది. మన భానుమతిగారు ‘తోడు నీడ’లో పాడారే, అదేనండీ.

ఇంత సరదా సినిమాలోనూ నాకు ముల్లులా గుచ్చుకున్నది ఒకటుంది. పరస్త్రీ వెంట తిరిగిన తండ్రి, కూతురు ప్రేమగా ఉంటే తనకా అవసరం రాకపోననట్టు మాట్లాడతాడు. పైగా నీకు అర్థం చేసుకునే మనసు లేదంటాడు. తప్పు ఆయనది, నింద పిల్లకి! చివరికి మెత్తబడేది కూడా ఆ పిల్లే. ఆయన కాదు.

క్షమించడం మంచి గుణమే, కాదనను. కానీ ఆ పాఠం ఇంట్లో ఆడపిల్లకొక్కదానికే చెబితే ఎలా? ఈ సినిమా చూసే అవకాశం వస్తే పాటలు హాయిగా వినండి. ఆ తండ్రి మాటలు వచ్చినప్పుడు మాత్రం పక్కన మీ అమ్మాయి ఉంటే, “ఇది తప్పమ్మా” అని చెప్పడం మరిచిపోకండేం!