ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాట్‌కి ఎండ ఏ వైపు నుంచి వస్తుంది?

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనడానికి వెళ్తే బిల్డర్ ఇచ్చే కాస్ట్ షీట్‌లో చదరపు అడుగు రేటు కింద ఇంకొన్ని లైన్లు కనిపిస్తాయి. పైకి వెళ్లేకొద్దీ ఫ్లోర్ రైజ్. మూల ఫ్లాట్ అయితే కార్నర్ చార్జీ. చాలాచోట్ల ఈస్ట్ ఫేసింగ్‌కి ఇంకో చార్జీ. వ్యూ, వాస్తు అని ఏ పేరు పెట్టినా, ఈ మూడింటి వెనక ఉన్న సరుకులో పెద్ద భాగం వెలుతురూ గాలీ. మొదటి రెండింటికీ ఆ లెక్క సరిపోతుంది. పై అంతస్తుకి అడ్డు తక్కువ, మూల ఫ్లాట్‌కి బయటి గోడలు ఎక్కువ. మూడోదాని దగ్గరే కథ తిరగబడుతుంది.

మా తుంగతుర్తిలో పాత పెంకుటిల్లు తూర్పు ముఖం అంటే దానికి అర్థం ఉంది. పొద్దున దర్వాజ తీస్తే వాకిట్లోంచి ఎండ నేరుగా ఇంట్లోకి వస్తుంది. లోపలి అర్ర మరీ చీకటిగా ఉంటే కప్పులో ఒక గాజు పెంకు పెడతారు, అంతే. ఆ ‘తూర్పు ముఖం’ అనే మాట అపార్ట్‌మెంట్‌లోకి కూడా వచ్చింది, కానీ దర్వాజ ముందు వాకిలి మాత్రం రాలేదు. దాని బదులు కారిడార్, ట్యూబ్‌లైట్ వచ్చాయి.

మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి పొడుగ్గా కారిడార్, దానికి రెండు వైపులా ఫ్లాట్లు ఉన్నాయనుకోండి. కారిడార్‌కి పడమర వైపు ఉన్న ఫ్లాట్ తలుపు తూర్పుకి తెరుచుకుంటుంది కాబట్టి అది ఈస్ట్ ఫేసింగ్. కానీ దాని బాల్కనీ, బెడ్‌రూమ్ కిటికీలు ఎటున్నాయి? పడమరకి! ఎదురుగా ఉన్న వెస్ట్ ఫేసింగ్ ఫ్లాట్‌కేమో బాల్కనీలో పొద్దుటి ఎండ. ఎక్కువ డబ్బు కట్టినవాళ్లకి సాయంత్రం ఎండ, తక్కువ కట్టినవాళ్లకి తూర్పు వెలుతురు.

ఇదంతా నేను కూర్చుని గీయడానికి కారణం మా అక్కావాళ్లు. హయత్‌నగర్ వైపు సరిగ్గా ఇలాంటి ఫ్లాటే చూస్తున్నారు. నాన్న ఊళ్లో ఎకరం అమ్మి కొంత సర్దుతానన్నాడు, మిగతాది ఇరవై ఏళ్ల లోన్. ‘తూర్పు అయితేనే’ అని అమ్మ పట్టు. చదరపు అడుగుకి వంద రూపాయలు ఎక్కువ అనుకున్నా 1,200 అడుగులకి లక్షా ఇరవై వేలు. మధ్యాహ్నం ఇంట్లో ఉండేది అక్క, రెండేళ్ల పాప.

హైదరాబాద్ ఉన్నది దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నీడే పడదు. అప్పుడు గోడల మీద కంటే డాబా మీదే దెబ్బ. టాప్ ఫ్లోర్ వాళ్లని అడగండి, చెప్తారు. నాలుగింటికి సూర్యుడు కిందికి దిగాక, సజ్జా కిందనుంచి దూరి పడమటి గది లోపలి దాకా వస్తాడు. పొద్దున తూర్పు కిటికీలో కూడా అంతే లోపలికి వస్తాడు, కానీ అప్పటికి గాలి ఇంకా వేడెక్కి ఉండదు.

చలికాలంలో ఇంకో సమస్య. డిసెంబర్ 21 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మీకు దక్షిణాన 30 మీటర్ల బిల్డింగ్ ఉంటే దాని నీడ దాదాపు 26 మీటర్లు. చెరో పది మీటర్లు వదిలినా మధ్యలో ఖాళీ 20 మీటర్లే, అంటే మీ కింది రెండు అంతస్తులకి ఆ పూట ఎండ లేనట్టే. 2012 నాటి జీవో 168 ప్రకారం ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదిలే జాగా కూడా పెరగాలి. ఫ్లోర్ రైజ్ కట్టడంలో అర్థం ఉందని నేను అనేది ఇందుకే.

వెలుతురుకి విడిగా ధర తీసినవాళ్లు ఉన్నారు. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో కొన్ని వేల ఇళ్ల అమ్మకాలు పరిశీలిస్తే, రోజుకి ఒక గంట ఎండ ఎక్కువ పడే ఇంటికి ధర సుమారు 2.4 శాతం ఎక్కువ అని తేలింది. అది చలి ఊరు, ఎండ అక్కడ వరం. మనకి కావాల్సింది ఎండ లేని వెలుతురు. ఆ లెక్కలో ఉత్తరం కిటికీకి ఎక్కువ రేటు ఉండాలి, కాస్ట్ షీట్‌లో మాత్రం ఆ లైన్ నాకు కనపడలేదు.

అక్కకి నేను చెప్పింది ఇది: తలుపు ముఖం అడగొద్దు, బాల్కనీ ముఖం అడుగు. ఫోన్‌లో కంపాస్ పెట్టి చూడు. పొద్దున తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి వెళ్లు, లైట్లన్నీ ఆపేయించు. కిటికీ బయటికి తెరుచుకుంటుందా, పైపులున్న డక్ట్‌లోకా చూడు. పక్కన ఖాళీ ప్లాట్ ఉంటే ఇంకా జాగ్రత్త. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం పక్క జాగా మీదుగా వచ్చే వెలుతురు మీద హక్కు రావాలంటే అది ఇరవై ఏళ్లు ఆగకుండా అంది ఉండాలి. కొత్త బిల్డింగ్‌కి ఆ ఇరవై ఏళ్లు ఎక్కడివి? ఈ రోజు కనిపించే ఆకాశానికి డబ్బు కడతాం, ఎల్లుండి అక్కడ పిల్లర్లు లేస్తాయి.

వాళ్లు చూసిన ఫ్లాట్‌కి పడమర ఖాళీ ప్లాటే ఉంది. అక్కడ బిల్డింగ్ లేస్తే నాలుగింటి ఎండ తప్పుతుంది, దాంతోపాటు వెలుతురూ పోతుంది. బావ ఇప్పుడు ఎదురుగా ఉన్న వెస్ట్ ఫేసింగ్ ఫ్లాట్ రేటు కనుక్కుంటున్నాడు. అమ్మకి ఇంకా ఎవరూ చెప్పలేదు.