చదివిన ఊరి బాకీ
గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం కథ
(గ్రామీణ విలేఖరి)

గుంటూరు పెద్దాసుపత్రి మెట్లెక్కని ఇల్లు పల్నాటి పల్లెల్లో లేదంటే అతిశయోక్తి కాదు. మాచర్ల, వినుకొండ, రేపల్లె, అద్దంకి, ఏ వైపు నుంచి వచ్చిన బస్సయినా సరే, దిగినవారిలో నలుగురైనా చేతిలో చీటీ, చంకలో దుప్పటి పట్టుకొని ఆసుపత్రి దారి పడతారు. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగా విడిపోయింది. అయినా జబ్బు ముదిరితే ముగ్గురికీ దారి ఒకటే.

2019 వేసవిలో ఈ విలేఖరి కూడా ఆ దారినే వచ్చాడు. ట్రాక్టరు మీద నుంచి పడిన మేనమామను మొదట దగ్గరలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతే డాక్టరుగారు లేరు. ఉన్న నర్సమ్మ తలకు కట్టు కట్టి, "ఆలస్యం చేయకుండా గుంటూరు తీసుకుపోండి" అని చెప్పింది. పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులున్నాము. కాస్త తేరుకొన్నాక మామ మంచం మీద కూర్చొని ఒకరోజు అడిగాడు: "ఏరా అల్లుడూ, బయట భవనం మీద పొదిల ప్రసాద్ అని రాసుంది, ఆయనెవరు? మంత్రా?"

"తెలీదు మామా" అన్నాను. తెలియకపోవడం సిగ్గుగానే అనిపించింది. ఆ తర్వాత అడిగి తెలుసుకొన్నదే ఈ వ్యాసం.

ఆయన మంత్రి కాదు. ఈ కళాశాలలోనే చదివి, అమెరికా వెళ్ళి స్థిరపడిన వైద్యుడు. సూపర్ స్పెషాలిటీ, ప్రమాద చికిత్సల కోసం కట్టిన ఆ భవనానికి పూర్వ విద్యార్థులు డబ్బు పోగు చేశారు, ప్రభుత్వం కూడా కొంత పెట్టింది. వారిలో పెద్ద దాత పేరు భవనానికి నిలిచింది.

1946లో మొదలు

గుంటూరు వైద్య కళాశాల 1946లో ప్రారంభమయింది. అప్పటికింకా స్వాతంత్ర్యం రాలేదు, మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాము. కోస్తా, రాయలసీమ ప్రాంతాలలో డాక్టరు చదువు చదవాలంటే అంతకు ముందు 1923లో పెట్టిన విశాఖపట్నం కళాశాల ఒక్కటే దిక్కు, లేదంటే మద్రాసు పోవాలి. గుంటూరు తరువాతనే 1957లో కర్నూలు, 1958లో కాకినాడ రంగరాయ కళాశాల వచ్చాయి. అంటే మధ్య కోస్తా రైతు బిడ్డకు డాక్టరు కావాలన్న ఆశ పుట్టించింది గుంటూరే అనవచ్చు. పొగాకు, మిరప, పత్తి పండించే ఇళ్ళ నుంచి, పల్లె బడిపంతుళ్ళ ఇళ్ళ నుంచి పిల్లలు వచ్చి కన్నావారితోటలో చదువుకొన్నారు. ఇంట్లో మొట్టమొదటగా కాలేజీ గడప తొక్కినవారు వారిలో ఎందరో.

కళాశాల మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత దాని కింద ఉంది. 1986లో విజయవాడలో ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం పెట్టాక దాని పరిధిలోకి వచ్చింది. చదువు నాలుగున్నరేళ్ళు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ. ఆ ఏడాదంతా వారి చేతులు తిరిగేది మన పల్లెవాళ్ళ ఒంటి మీదే. ఈ మాట నిష్ఠూరంగా అనడం లేదు. డాక్టరు అలాగే తయారవుతాడు. వారికి నేర్పిన గురువులలో ప్రొఫెసర్లతో పాటు పాము కరిచి వచ్చిన కూలీ, కాన్పు కష్టమై వచ్చిన తల్లి కూడా ఉన్నారని మాత్రం గుర్తు పెట్టుకోవాలి.

సముద్రం దాటిన బ్యాచ్‌లు

1960ల నుంచి వలస ఊపందుకొంది. దానికి కారణాలు మన దగ్గర కొన్ని, అక్కడ కొన్ని. విదేశీ వైద్యులకు అమెరికావారు 1958 నుంచి ఒక పరీక్ష పెట్టారు. అది ప్యాసయితే అక్కడి ఆసుపత్రులలో శిక్షణకు చేరవచ్చు. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చి, ఫలానా దేశం వారికి ఇన్నే అనే పాత కోటాలను తీసివేసింది. మరుసటి ఏడు, అంటే 1966లో, వృద్ధులకు ప్రభుత్వమే వైద్యం ఖర్చు భరించే మెడికేర్ పథకం అక్కడ అమలులోకి వచ్చింది. ఆసుపత్రులకు రోగులు పెరిగారు, డాక్టర్లు చాలలేదు. ఇక్కడ చూస్తే పైచదువుకు సీట్లు తక్కువ, ఉద్యోగం వచ్చినా జీతం తక్కువ, పల్లెలో క్వార్టర్సు కూడా ఉండవు. చదువుకొన్న కుర్రవాడు ఎటు మొగ్గుతాడో వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో మన పల్లెవారికి వింతగా తోచే సంగతి ఒకటుంది. అమెరికాలోనూ పల్లెలకు డాక్టర్లు పోరు. శిక్షణ వీసా మీద వెళ్ళిన విదేశీ డాక్టరు చదువు అయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండి రావాలన్నది అక్కడి నియమం. డాక్టర్లు లేని ప్రాంతంలో మూడేళ్ళు పనిచేస్తే ఆ నియమం నుంచి మినహాయింపు ఇప్పించే వీలు 1994లో రాష్ట్రాలకు కల్పించారు. అంటే మన పల్లెలో లేని డాక్టరు, అక్కడెక్కడో మరొక రైతుల ఊళ్ళో ఉన్నాడన్నమాట!

జింకానా అంటే

అలా వెళ్ళిన గుంటూరు వైద్యులు పెట్టుకొన్నదే ఉత్తర అమెరికా పూర్వ విద్యార్థుల సంఘం. దాని ఇంగ్లీషు పేరులోని జి.ఎం.సి.ఎ.ఎన్.ఎ. అనే పొడి అక్షరాలను కలిపి "జింకానా" అంటారు. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు పేకాట, టెన్నిసు ఆడుకొనే జింఖానా క్లబ్బేమో అనుకొన్నాను. అనుకొన్నవాడిని నేనొక్కడినే కాదట.

ఇటువంటి సంఘాలన్నీ మొదట స్నేహం కోసమే పుడతాయి. ఏ ఏడు చేరినవారిది ఆ బ్యాచ్. ఏదో ఒక నగరంలో కలుసుకోవడం, భోజనాలు, పాటలు, హాస్టలు కబుర్లు, పోయిన మిత్రులకు నివాళి, కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరుకు తాత్కాలికంగా బస చూపించడం, ఇవన్నీ ఉంటాయి. ఇక్కడ మిగిలిన బ్యాచ్‌లు కూడా పాతికేళ్ళకు, యాభై ఏళ్ళకు గుంటూరులో కలుసుకొంటాయి. తెల్ల జుట్టు పెద్దమనుషులు పాత తరగతి గదిలో బెంచీల మీద ఇరుక్కొని కూర్చొని ఫొటో దిగడం చూడముచ్చటగానే ఉంటుంది. అక్కడితో ఆగితే మనం రాసుకోవలసినదేమీ లేదు.

సంఘం వయసు పెరిగేకొద్దీ, సభ్యుల తల వెంట్రుకలు నెరిసేకొద్దీ, లెక్క మారింది. చదివిన చోటికి ఏదైనా చేయాలన్న మాట బలపడింది. పెద్దాసుపత్రిలో వెయ్యికి పైగా పడకలున్నా రోగులకు చాలవు. అందుకే సంఘం దృష్టి చిన్న చిన్న బహుమతుల నుంచి పెద్ద భవనాలకు మళ్ళింది.

ఇరవై కోట్లు

ఈ కథలో అందరి నోటా నలిగిన పేరు డాక్టర్ గవిని ఉమ. 1960లలో గుంటూరులో వైద్యం చదివిన ఆమె అమెరికాలో అలర్జీ వ్యాధుల నిపుణురాలిగా పనిచేశారు, సంఘానికి అధ్యక్షురాలిగా కూడా ఉన్నారు. భర్త డాక్టర్ కానూరి రామచంద్రరావు మత్తు వైద్యులు. ఆయన కాలం చేసిన తర్వాత, పెద్దాసుపత్రిలో కట్టే తల్లీబిడ్డల భవనానికి 20 కోట్ల రూపాయలు ఇస్తానని 2022లో సంఘం సమావేశంలో ప్రకటించారు. జీవితమంతా కూడబెట్టినదంతా ఇచ్చేశారని పత్రికలు రాశాయి. ఆమెను చూసి ఆ సమావేశంలోనే మరికొందరు కోట్లలో విరాళాలు ప్రకటించారు.

20 కోట్లంటే మన ఊహకు అందదు. కానీ కాన్పుల వార్డు సంగతి మనకు తెలుసు. రద్దీ రోజుల్లో ఒకే మంచం మీద ఇద్దరు బాలింతలు, కింద చాప మీద తల్లి తరఫు వారు. ఆడపిల్లను పురిటికి పంపిన ఏ ఇంటి వారినడిగినా చెబుతారు. ఆ డబ్బు పోయే చోటు సరైనదేనని ఒప్పుకోక తప్పదు.

డాలరు నడిచే దారి

"అంత డబ్బుంటే రేపే కట్టొచ్చుగా" అని మా ఊరి రచ్చబండ మీద ఒకాయన అన్నాడు. అంత సులువు కాదు. అమెరికా పౌరసత్వం తీసుకొన్నవారు ఇచ్చే విరాళం మన చట్టం దృష్టిలో విదేశీ సొమ్ము. విదేశీ విరాళాలకు 1976లో ఒక చట్టం, దాని స్థానంలో 2010లో మరొకటి వచ్చాయి. 2020లో దానిని ఇంకా బిగించారు. ఇటువంటి విరాళం తీసుకొనే స్వచ్ఛంద సంస్థకు కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. అలా వచ్చిన దానిని ఇంకొక సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. భారత పౌరసత్వం అట్టిపెట్టుకొన్నవారు తమ సొంత సంపాదన నుంచి ఇస్తే ఈ చిక్కు లేదు.

అది దాటాక మన ఇంజనీర్ల అంచనాలు, టెండర్లు, ప్రభుత్వం ఇవ్వవలసిన వాటా. పునాది వేసిన మంత్రి ఒకరు, కొబ్బరికాయ కొట్టే మంత్రి మరొకరు కావడం మన రాష్ట్రంలో వింత కాదు. దాత ఇచ్చిన డబ్బు బ్యాంకులో ఉంటే సిమెంటు, ఇనుము ధరలు ఆగవు కదా!

ఇంకొక చిక్కు దాతల చేతిలో కూడా లేదు. గోడలు కట్టవచ్చు, యంత్రాలు కొనవచ్చు. నర్సులకు, టెక్నీషియన్లకు, రాత్రి డ్యూటీ డాక్టరుకు నెలనెలా జీతం ఇచ్చేది ప్రభుత్వమే. యంత్రం చెడిపోతే బాగుచేయించేదీ ప్రభుత్వమే. సంఘం భవనం అప్పగించాక ఆ పెత్తనం వారిది కాదు. అద్దాల భవనం ముందు చీటీ కోసం బారులు తీరిన జనాన్ని చూసినప్పుడల్లా ఈ విలేఖరికి ఇదే తోస్తుంది: దాతల పేర్ల పలక పక్కన, ఏ విభాగంలో ఎన్ని పోస్టులున్నాయో, ఎన్ని భర్తీ అయ్యాయో కూడా ఒక బోర్డు పెడితే బాగుండును.

ఉన్నవారు, తిరిగి వచ్చినవారు

పూర్వ విద్యార్థులంటే అమెరికావారే కాదు. గుంటూరులో చదివిన గుండె శస్త్రవైద్యులు డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే తన బృందంతో వచ్చి పెద్దాసుపత్రిలో పేదలకు గుండె ఆపరేషన్లు చేయడం 2015లో మొదలుపెట్టారు. 2016లో అక్కడే గుండె మార్పిడి కూడా జరిగింది. రాష్ట్రంలో ప్రభుత్వాసుపత్రిలో అటువంటిది అదే మొదలు. ఆ ఏడే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. లక్షలు పోస్తేగాని కాదనుకొన్న ఆపరేషన్ పెద్దాసుపత్రిలో అయిందని విన్నప్పుడు పల్లెల్లో చాలామంది నమ్మలేదు.

డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు కూడా గుంటూరు విద్యార్థే. అమెరికాలో కంటి వైద్యుడిగా స్థిరపడిన తర్వాత 1981లో తిరిగి వచ్చారు. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం స్థలం, ధనం ఇవ్వగా హైదరాబాదులో కంటి ఆసుపత్రి పెట్టారు. మనకు ముఖ్యమైనది ఆ తర్వాతి పని. సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున పల్లెప్రాంతాల్లో చిన్న కంటి కేంద్రాలు తెరిచి, స్థానిక యువతకే శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టారు. అద్దాలు అక్కడే ఇస్తారు, ఆపరేషన్ కావలసినవారినే పైకి పంపుతారు.

ఒకరు డబ్బు పంపారు, ఒకరు చేతులు పెట్టి పనిచేశారు, ఒకరు ఊళ్ళకే కేంద్రాన్ని తెచ్చారు. ముగ్గురూ ఒకే గేటు నుంచి బయటకు వెళ్ళినవారే. సంఘం పెద్దల ముందు మన పల్లెవారి తరఫున ఒక మనవి పెట్టే అవకాశం వస్తే, మూడో పద్ధతి గురించే అడగాలని ఉంది. పెద్దాసుపత్రికి కట్టిన ప్రతి భవనానికి తోడు, మాచర్ల వైపో, వినుకొండ వైపో ఒక ఆరోగ్య కేంద్రాన్ని దత్తత తీసుకొని, సెలవులకు వచ్చే డాక్టర్లు రెండు రోజులు అక్కడ కూర్చొన్నా, ఇక్కడి కుర్ర డాక్టర్లకు టెలిఫోనులో సలహా చెప్పినా ఎంతో మేలు. మా మామకు ఆ రోజు కావలసింది మొదటి గంటలో చూసే డాక్టరు. గుంటూరు చేరేసరికి మూడు గంటలు పట్టింది.

ప్రభుత్వ కళాశాలలో ఒక డాక్టరు తయారు కావడానికి అయ్యే ఖర్చులో విద్యార్థి కట్టే ఫీజు ఎంత స్వల్పమో అందరికీ తెలిసిందే. మిగతాది ఉప్పు కొన్నప్పుడు, కిరసనాయిలు కొన్నప్పుడు మన తాతలు కట్టిన పన్నే. ఈ సంగతి గవిని ఉమ వంటివారికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

మామ ఇప్పుడు బాగానే ఉన్నాడు, ట్రాక్టరు మాత్రం ఎక్కడు. ఆ మధ్య పరీక్షకు తీసుకుపోయినప్పుడు భవనం ముందు చెట్టు కింద కూర్చొని, పక్కన ఉన్న చిలకలూరిపేట వారెవరికో చెబుతున్నాడు: "మంత్రి కాదయ్యా, ఇక్కడ చదువుకొన్న డాక్టరే. మా అల్లుడు కనుక్కొన్నాడు."