చక్రాల ఇంటికి రెండో ఏసీ

పిల్లలూ, అమెరికాలో సెలవులు వస్తే కొందరు ఇంటినే కారు వెనక తగిలించుకుని ఊళ్ళు తిరుగుతారు. దాన్ని 'ట్రావెల్ ట్రెయిలర్' అంటారు. పొడుగాటి పెట్టెలా ఉంటుంది. లోపల మంచాలు, వంటగది, స్నానాల గది అన్నీ ఉంటాయి. రాత్రికి ఏదైనా విడిదిస్థలంలో ఆగి, అక్కడి కరెంటు స్తంభానికి ట్రెయిలరు కేబులు తగిలిస్తే చాలు, లోపల దీపాలు వెలుగుతాయి, ఏసీ తిరుగుతుంది.

నా దగ్గర పదో తరగతి చదువుకున్న కుర్రాడొకడు ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్నాడు. పోయిన వేసవిలో ఫోన్ చేశాడు. "మాస్టారూ, మా అమ్మ వచ్చింది. ట్రెయిలర్లో తిప్పి చూపిద్దామంటే వెనక గది కొలిమిలా ఉంది. ముందున్న ఏసీ చల్లదనం అంతదూరం రావడం లేదు. రెండో ఏసీ పెట్టించాను. రెండూ కలిపి వేస్తే కాసేపటికి 30 ఆంపియర్ల బ్రేకరు పడిపోతోంది. మా ఇంటి దగ్గర 50 ఆంపియర్ల సాకెట్టుంది. అడాప్టరుతో దానికి తగిలించి, ట్రెయిలర్లోని బ్రేకరు తీసేసి 50ది పెడితే సరిపోతుంది కదా?" అన్నాడు.

"ఆగు నాయనా, ముందు ఆ బ్రేకరు మీదనుంచి చెయ్యి తియ్యి" అన్నాను. అతనికి చెప్పిన లెక్కే మీకూ చెబుతాను. కాగితం, పెన్సిలు తీసుకోండి.

ఎన్ని ఆంపియర్లు?

ఏసీ చలిని తయారు చేస్తుందని చాలామంది అనుకుంటారు. అది చలిని పుట్టించదు. గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది, బావిలో నీళ్ళు తోడినట్టు. ట్రెయిలరు కప్పుమీద పెట్టే ఏసీ సాధారణంగా 13,500 బి.టి.యు.లది. అంటే గంటకు అంత వేడిని బయటికి పంపుతుంది. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 4,000 వాట్లు. ఈ పనికి అది వాడుకునే కరెంటు మాత్రం సుమారు 1,500 వాట్లే. నాలుగు బస్తాలు మోయడానికి ఒకటిన్నర బస్తా కూలి ఇచ్చినట్టన్న మాట!

మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. అమెరికా ఇళ్ళలో మామూలు సాకెట్లకు వచ్చేది 120 వోల్టులు. సామర్థ్యాన్ని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయని మీకు తెలుసు. 1,500ను 230తో భాగించండి. ఆరున్నర ఆంపియర్లు వచ్చింది. అదే 120తో భాగిస్తే? పన్నెండున్నర! పని అదే, వోల్టులు సగమయ్యేసరికి తీగలో ప్రవాహం దాదాపు రెట్టింపయింది. ఈ కథలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

మన కుర్రాడి ట్రెయిలర్‌కు వచ్చే సరఫరా 30 ఆంపియర్లు. అంటే మొత్తం 120 × 30 = 3,600 వాట్లు. రెండు ఏసీలకు 25 ఆంపియర్లు కావాలి. బ్యాటరీ ఛార్జరు, ఫ్రిజ్జు, దీపాలు కలిపి ఇంకో నాలుగైదు వేసుకోండి. 30 నిండింది. అప్పుడు వాళ్ళమ్మ పాలు వెచ్చబెడదామని మైక్రోవేవ్ పొయ్యి వేస్తే మరో పన్నెండు. పైగా గంటల తరబడి ఆగకుండా నడిచే వాటికి బ్రేకరు సామర్థ్యంలో 80 శాతం దాటి లెక్క వేయకూడదని అక్కడి వైరింగు నియమం. 30లో 80 శాతం 24. అంటే మిగతావేవీ వేయకపోయినా, ఒక్క ఏసీలే హద్దు దాటాయి.

మోటారు తొలి అడుగు

బరువు బండిని కదిలించేటప్పుడు ఎడ్లు ఎంత గట్టిగా లాగుతాయో చూశారు కదా? కదిలాక అంత బలం అక్కరలేదు. ఏసీలోని కంప్రెసర్ మోటారు కూడా అంతే. తిరుగుతున్న మోటారులో, సరఫరాకు ఎదురు నిలిచే వోల్టేజి పుడుతుంది. అది ప్రవాహాన్ని అదుపులో ఉంచుతుంది. మోటారు నిలిచి ఉన్నప్పుడు ఆ ఎదురు ఉండదు. అందుకే స్విచ్చి వేసిన ఆ క్షణంలో అది మామూలుకు నాలుగైదు రెట్లు, అంటే యాభై, అరవై ఆంపియర్ల దాకా లాగుతుంది.

మరి అప్పుడే బ్రేకరు ఎందుకు పడదు? దాని లోపల ద్విలోహ పట్టీ ఉంటుంది. రెండు లోహాలు వేడికి వేరువేరుగా వ్యాకోచిస్తాయి కాబట్టి వేడెక్కితే పట్టీ వంగి, మీట జారిపోతుంది. క్షణకాలపు ప్రవాహానికి పట్టీ వేడెక్కే వ్యవధి ఉండదు. కాని హద్దుకంటే కొంచెం ఎక్కువ ప్రవాహం చాలాసేపు పారితే మెల్లగా వేడెక్కి వంగుతుంది. షార్ట్ సర్క్యూటు వంటి పెనుప్రవాహం వస్తే, బ్రేకరులోని విద్యుదయస్కాంతం పట్టీకోసం ఆగకుండా తానే మీటను లాగేస్తుంది.

కాబట్టి కాసేపు ఆగి బ్రేకరు పడిందంటే అది చెడిపోయిందని కాదు. తన పని తాను చక్కగా చేస్తున్నదని అర్థం.

తీగ ఏమంటుంది?

బ్రేకరు కాపలా కాసేది ఏసీని కాదు, తీగను. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగింతలు! 30 ఆంపియర్ల ట్రెయిలర్‌కు వాడే తీగ అమెరికా కొలతలో 10 నంబరు రాగితీగ. అక్కడ నంబరు తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. 50 ఆంపియర్లకు 6 నంబరు కావాలి.

25 అడుగుల 10 నంబరు కేబులులో పోను, రాను కలిపి 50 అడుగుల తీగ. దాని నిరోధం సుమారు 0.05 ఓములు. 15 ఆంపియర్లు పారితే వేడి 15 × 15 × 0.05, అంటే సుమారు 11 వాట్లు. 30 పారితే 45 వాట్లు. 50 పారితే 125 వాట్లు! ఇది కేబులు పొడుగునా పరుచుకున్న వేడి. అసలు ప్రమాదం ప్లగ్గు దగ్గర ఉంటుంది. ఒక పిన్ను వదులై అక్కడ 0.1 ఓము నిరోధం ఏర్పడిందనుకోండి. 30 ఆంపియర్లకు ఆ ఒక్కచోటే 90 వాట్ల వేడి. రేడియో బాగుచేసేవాళ్ళు తగరం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుంది!

ఇప్పుడు చెప్పండి, తీగ మార్చకుండా బ్రేకరు పెద్దది పెడితే ఏమవుతుంది? కాపలాదారును నిద్రపుచ్చి ఇంటి తలుపులు తెరిచి పెట్టినట్టే. మా చిన్నతనంలో మా వీధిలో ఫ్యూజు పోతే లావుపాటి రాగితీగ ఒకటి చుట్టేసేవారు. ఒకసారి అలాగే చుట్టిన ఇంట్లో బోర్డు, దాని పక్క దూలం కాలిపోయాయి. పగలు కాబట్టి మనుషులు దక్కారు.

సరైన దారులు

మొదటిది, ఖర్చు లేనిది: రెండు ఏసీలూ ఒకేసారి తిరగకుండా చూసుకోవడం. ఒకటి ఆగినప్పుడే రెండోది మొదలయ్యేలా చూసే పరికరాలున్నాయి. మొదలయ్యేటప్పటి లాగుడు తగ్గించే 'సాఫ్ట్ స్టార్టర్' కూడా ఉంది. కాని అది మొదటి క్షణాన్నే తగ్గిస్తుంది, నడిచేటప్పటి ఆంపియర్లను కాదు.

రెండోది: రెండో ఏసీకి పూర్తిగా వేరే దారి. విడిదిస్థలాల స్తంభాలమీద చాలాచోట్ల 20 ఆంపియర్ల సాకెట్టు కూడా ఉంటుంది. దాన్నుంచి 12 నంబరు తీగతో వేరే కేబులు, వేరే 20 ఆంపియర్ల బ్రేకరు. ఫేజు తీగ ఒక్కటే కాదు, న్యూట్రలు తీగ కూడా వేరుగానే తిరిగి వెళ్ళాలి. రెంటినీ కలిపితే ఒకే న్యూట్రలు మీద రెండు బరువులు పడవచ్చు.

మూడోది: ట్రెయిలరు వైరింగునంతా 50 ఆంపియర్లకు మార్చడం. ఇందులో ఒక తమాషా ఉంది. దీనికి రెండు ఫేజు తీగలుంటాయి. ఒక్కొక్కటి 50 ఆంపియర్లు, 120 వోల్టులు. మొత్తం 12,000 వాట్లు! ఈ రెండు తీగలూ ఇద్దరు పట్టి కోసే రంపం లాంటివి. ఒకటి నెట్టేటప్పుడు రెండోది లాగుతుంది. అందుకే ఒక్కోదాని మీద ఒక్కో ఏసీ పెడితే, న్యూట్రలులో రెండు ప్రవాహాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పన్నెండున్నరలోంచి పన్నెండున్నర తీస్తే సున్న!

"మరి నా అడాప్టరు చాలదా?" అన్నాడు మనవాడు. చాలదు. అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది, తీగ లావును మార్చదు.

కనిపించని ప్రమాదం

ట్రెయిలరు పైతొడుగు చాలావరకు లోహం. అందుకే దాన్ని ఎర్తు తీగకు కలుపుతారు. ట్రెయిలరు లోపల న్యూట్రలును, ఎర్తును ఎక్కడా కలపకూడదు. కలిపారనుకోండి, న్యూట్రలుతో పాటు ఎర్తు తీగా, పైతొడుగూ కూడా ప్రవాహాన్ని మోస్తాయి. ఆపైన కేబులులో న్యూట్రలు, ఎర్తు తీగలు రెండూ తెగితే, పైతొడుగంతా 120 వోల్టులకు ఎక్కుతుంది. తడినేలమీద వట్టికాళ్ళతో నిలబడి తలుపు పట్టుకున్నవాడి గతి ఆలోచించండి. అందుకే వైరింగు మార్చడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను పని. లెక్క మాత్రం మనందరి పని.

మన కుర్రాడు రెండో దారి ఎంచుకున్నాడు. ఎలక్ట్రీషియను వచ్చి పాత కేబులు ప్లగ్గు విప్పి చూస్తే, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్కు కరిగి గోధుమరంగు తిరిగి ఉందట. ఆ ఫోటో నాకు పంపి, కింద ఒకే ఒక్క మాట రాశాడు: "బతికించారు మాస్టారూ." బతికించింది నేను కాదు, మాటిమాటికీ పడిపోయి విసిగించిన ఆ బ్రేకరు.

మీరు చేయవలసిన పని: ఇంట్లో ఇస్త్రీపెట్టె, గ్రైండరు, ఫ్రిజ్జు వెనక అతికించిన పట్టీలమీద ఎన్ని వాట్లో చదవండి. ఒక్కొక్కదాన్ని 230తో భాగించి ఆంపియర్లు రాయండి. ఒకే ప్లగ్గు బోర్డుకు ఏవేవి తగిలిస్తున్నారో చూసి కూడండి. బోర్డుమీద రాసిన ఆంపియర్లకంటే మీ మొత్తం ఎక్కువైతే, దేన్నీ ముట్టుకోకుండా ఆ కాగితం నాన్నగారికో, అమ్మగారికో చూపించండి.