మీకు తెలుసా? ‘వెరీ’ అంటే ఒకప్పుడు ‘నిజమైన’

బైబిల్ ఆదికాండం 27వ అధ్యాయం. ముసలి ఇస్సాకుకు చూపు ఆనడం లేదు. పెద్దకొడుకు ఏశావుకు దక్కాల్సిన దీవెన తానే అందుకోవాలని చిన్నవాడు యాకోబు వచ్చి నిలబడ్డాడు. అన్న ఒళ్లంతా వెంట్రుకలు కనుక తానూ అలాగే తోచాలని చేతులకు మేకపిల్లల తోళ్లు చుట్టుకున్నాడు. తండ్రికి అనుమానం వచ్చింది. దగ్గరికి రా, తడిమి చూస్తాను అన్నాడు. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో సరిగ్గా ఇక్కడే ‘మై వెరీ సన్’ అనే మాట కనిపిస్తుంది.

బడిలో నేర్చుకున్న అర్థం పెట్టి చదివితే అది ‘నా చాలా కొడుకు’ అవుతుంది! ఆ తండ్రి తేల్చుకోవాలనుకున్నది వచ్చినవాడు అచ్చంగా తన ఏశావేనా అని. వెరీ అంటే అక్కడ ‘నిజమైన’. ఆ మాటకు మొదటి అర్థం అదే.

లాటిన్‌లో ‘వేరుస్’ అంటే సత్యమైనది. దాని సంతతి పాత ఫ్రెంచిలో ‘వెరాయ్’. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వేల ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో చేరాయి, వాటితో పాటే ఇదీ వచ్చింది. ఫ్రెంచివాళ్లు నేటికీ ‘నిజమైన’ అనడానికి ‘వ్రె’ అంటారు. ఈ మాట తోబుట్టువులు మనకూ తెలిసినవాళ్లే. సర్టిఫికెట్లను ‘వెరిఫై’ చేయడమంటే నిజమో కాదో తేల్చడం. కోర్టు ‘వెర్డిక్ట్’ అంటే, మూలార్థంలో, సత్యం పలకడం.

మరి నిజం కాస్తా ‘చాలా’ ఎలా అయింది? ‘పులిహోర నిజంగా బాగుందండీ’ అని మనం అన్నప్పుడు ఎవరూ సాక్ష్యం అడగరు. బాగా నచ్చిందన్నమాట అనుకుంటారు, అంతే. వెరీ కూడా ఈ దారినే నడిచింది. 15, 16 శతాబ్దాల నాటికి సత్యం వెనక్కి తగ్గి, మోతాదు ముందుకొచ్చింది. అది అరిగిపోయాక ‘నిజంగా’ అని గట్టిగా చెప్పడానికి ఇంగ్లీషువాళ్లకు ‘రియల్లీ’ కావాల్సి వచ్చింది. ఇప్పుడు దానికీ అదే అరుగుదల పట్టింది.

వెరీ రాకముందు, పాత ఇంగ్లీషులో ‘చాలా’ పని చేసిన మాటకు ‘బలంగా’ అని అర్థం. జర్మన్‌లో ‘చాలా’ అనడానికి వాడే ‘జేర్’ నొప్పి లోంచి పుట్టింది. పుండుపడి సలిపే చోటును ఇంగ్లీషులో ‘సోర్’ అంటారే, దానికి చుట్టం. తెలంగాణలో నోరారా పలికే ‘మస్తు’కు మూలం పారశీకంలోని ‘మస్త్’, అంటే మత్తులో ఉన్న. సత్యం, బలం, నొప్పి, మత్తు! ఒక్కో భాష ‘ఎక్కువ’ను ఒక్కో అనుభవంతో కొలుచుకుంది. మన ‘చాలా’ మాత్రం అన్నం ముందు పుట్టినట్టుంటుంది. విస్తరి మీద చెయ్యి అడ్డుపెట్టి అనే ‘చాలు’ నుంచే అది వచ్చింది. సరిపడినంత అనే మాట మెల్లగా ఎక్కువ వైపు జరిగింది. నాకైతే వీటన్నిటిలో ఇదే ముద్దు.

చాలా, వెరీ ఒకటే అనుకుంటే మాత్రం ఒక చోట కాలు జారుతుంది. చాలా క్రియ పక్కనా ఒదుగుతుంది: చాలా తిన్నాను, చాలా ఇష్టపడ్డాను. వెరీ అలా ఒదగదు. అందుకే ‘ఐ వెరీ లైక్ ఇట్’ తప్పు, ‘ఐ లైక్ ఇట్ వెరీ మచ్’ ఒప్పు. ‘వెరీ బెటర్’ కూడా కుదరదు, ‘మచ్ బెటర్’ అనాలి.

ఇస్సాకు మాటలోని ఆ పాత అర్థం పూర్తిగా పోలేదు. నామవాచకం ముందు నిలిచిన వెరీలో అది ఇంకా బతికే ఉంది. ‘దిస్ వెరీ డే’, ‘ద వెరీ మ్యాన్’ వంటివి చూడండి. వీటిని తెలుగు చేయడానికి ‘చాలా’ పనికిరాదు, ‘నిజమైన’ కూడా అతకదు. ఒక్క ఏత్వం చాలు: ఈ రోజే, ఆ మనిషే.