మెత్త కుట్టిన నిక్కరు అవసరమా?

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు రమారమి 120 కిలోమీటర్లు. ఈ అడవిదారిని సైకిలుపై పోవువారికి కాళ్లకంటె ముందుగా కూర్చున్నచోట నొప్పి పుట్టును. అందులకు మెత్త కుట్టిన నిక్కరు కొనవలెనా?

దేహభారము పిరుదులలోని రెండు ఎముకలపై నిలుచును. చెమటకు తడిసిన బట్ట, దాని కుట్లు చర్మమును ఒరయును. మెత్త ఆ ఒరపిడిని, కుదుపును తగ్గించును. పూర్వము దీనికి మెత్తని తోలు వాడెడివారు. నేడు స్పంజి వచ్చినది. లోపల వేరు బట్ట కూడదు. ఏ రోజుకారోజు ఉతకవలెను. లేనిచో కురుపులు లేచును.

అయితే సీటు ఎత్తు తప్పినచో ఏ మెత్తయు అక్కరకు రాదు. పెడలు అడుగునకు చేరినపుడు, దానిపై మడమ ఉంచిన కాలు చక్కగా చాగవలెను. ముందు దీనిని సరిచూడుడు, ఖర్చు లేదు. సంతకు, బడికి పోవువారికి మామూలు లాగు చాలును. గంటలకొలది తొక్కు యాత్రికునకు మాత్రము ఈ నిక్కరు దండుగ కాదని మేము తలంచుచున్నాము.